అధికారిగారి గడ్డం కింద బటన్

...అయినా ఆ బోర్డు అద్దం వేలికి చల్లగా తగులుతుందో వెచ్చగా తగులుతుందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదే అనుకుంటూ మూడో తరగతి పంతులమ్మ బు హర్సివి ఎడమ తొడ మీద చరచవలసిన చోట కుడి తొడ మీద చరిచింది. ఎవరూ గమనించలేదు. హాలులో ఉన్న ఉపాధ్యాయులందరూ కళ్ళు మూసుకునే చరుస్తున్నారు. రెండు చప్పట్లు, ఒక తొడ చరుపు, చూపుడువేలు గాలిలోకి, ఆపైన ముక్తకంఠంతో "డిజిటల్! డిజిటల్! మేమే!" దీని పేరు డిజిటల్ చప్పట్లు. శిక్షణలో మొదటి పాఠం ఇదే. రెండో పాఠం ఫలహారాల చప్పట్లు. మూడోది నిశ్శబ్దం కోరే చప్పట్లు. అన్నిటికంటే ఎక్కువ మోత దానిదే.

జావా నడిబొడ్డున, కొండ మీద బంగాళదుంపలూ కొండ కింద పొగాకూ పండే మా జిల్లాలో, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులందరూ స్వాతంత్ర్య దినోత్సవంలోగా డిజిటల్ ఉపాధ్యాయులు అయిపోవాలని విద్యాశాఖ తీర్మానించిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఒక్కో పాఠశాలకు ఒక్కో తెలివైన బోర్డు మంజూరైంది. వేలితో ముట్టుకుంటే బొమ్మలు కదులుతాయనీ, అంకెలు నడుస్తాయనీ, చేపలు ఈదుతాయనీ దాని పెట్టె మీద రాసి ఉంది. పెట్టె మీద రాసింది చదివినవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. పెట్టె లోపల ఉన్నదాన్ని చూసినవాళ్ళు మాత్రం లేరు. జిల్లా విద్యాధికారి పాక్ సుబాగ్యోగారు స్వయంగా విచ్చేసి, మా ఆచారం ప్రకారం పసుపన్నం గోపురం కొన కోసి, ప్రారంభోత్సవం చేసేవరకూ బోర్డును తెరవకూడదని ఒక ఉత్తర్వు. బోర్డు వాడడంలో ఉపాధ్యాయులు ఆరితేరేవరకూ ప్రారంభోత్సవం చేయకూడదని ఇంకో ఉత్తర్వు. రెండింటి కిందా సంతకం ఒకరిదే. చాలా అందమైన సంతకం.

ఈ చిక్కుముడిని మా విద్యాశాఖ విప్పిన తీరు చెప్పుకోదగ్గది. కంపెనీవాళ్ళ దగ్గర బోర్డు ఫొటో తెప్పించి, నిజం బోర్డు ఎంత ఉంటుందో అంత కొలతలో ఫ్లెక్సీ వేయించారు. ఏ పెద్దమనిషి ముఖమూ లేనిది ఫ్లెక్సీ అనిపించుకోదు కనుక, కుడివైపు కింది మూల పాక్ సుబాగ్యోగారి ఫొటో చేర్చారు. నల్లటోపీ, నవ్వుముఖం, జేబు మీద బిళ్ళ. గౌరవానికి తగ్గ పరిమాణంలో ఉండాలి కదా, ఫొటో బోర్డులో మూడోవంతు ఆక్రమించింది. బోర్డును వెలిగించే బటన్ ఫ్లెక్సీలో మరెక్కడా కనిపించకపోవడంతో, అది అధికారిగారి గడ్డం కిందే ఉండి ఉంటుందని విజ్ఞులు అంచనా వేశారు. అక్కడ వేలు పెట్టి వెతికే సాహసం ఎవరూ చేయలేదు. పెద్దవాళ్ళ తల జోలికి చెయ్యి పోకూడదని మాకు పాలతోపాటే పట్టిస్తారు. కనుక శిక్షణ రెండో మెట్టు నుంచి మొదలైంది. మొదటి మెట్టు, అనగా వెలిగించడం, ప్రారంభోత్సవంనాడు అధికారిగారి అమృతహస్తాలకు కేటాయించడమైనది.

శిక్షకుడు మాస్ రగిల్ రాజధాని నుంచి వచ్చిన కుర్రాడు. పెద్ద ఆడవాళ్ళను బు అనీ, పెద్ద మగవాళ్ళను పాక్ అనీ, కుర్రాళ్ళను మాస్ అనీ పిలవడం మా మర్యాద. ఒంటినిండా జేబులున్న చొక్కా, చెంపకు అంటుకున్న మైకు. ఇతను కూడా బోర్డును కళ్ళతో చూడలేదేమో, ఇంతకంటే చిన్న ఫ్లెక్సీ మీద నేర్చుకుని వచ్చాడేమో అని మొదటిరోజు ఫలహారాల వేళకే అందరికీ అనుమానం తగిలింది. అయినా ఎవరూ అడగలేదు. మా జావావాళ్ళ సంస్కారం అలాంటిది. ఎదుటివాడికి తెలియని సంగతి అడిగి అతని ముఖం చిన్నబుచ్చడం మాకు చేతకాదు. మీరు మా ఊరు వచ్చి దారి అడిగితే, మాకు తెలియకపోయినా ఏదో ఒక దారి చూపిస్తాం. తెలియదని చెప్పి మిమ్మల్ని నిరాశపరచం.

"అమ్మలూ, అయ్యలూ! ఇదిగో ఇక్కడ వేలు పెడుతున్నాను," అన్నాడు మాస్ రగిల్. ఫ్లెక్సీ వణికింది. "ఏమొచ్చింది?"

జవాబు కూడా అతనే అందించాడు.

"చేప! ఏమొచ్చింది?"

"చేప!"

"ఎటు ఈదుతోంది?"

సగంమంది ఎడమకన్నారు, సగంమంది కుడికన్నారు.

"సూపర్! ఇద్దరూ కరెక్టే. ఎవరికి కావలసినట్టు వాళ్ళకి చూపిస్తుంది. అదీ దీని తెలివి. అర్థమైందా?"

"అర్థమైందీ!"

ఆ 'దీ' దగ్గర గొంతు కొంచెం సాగదీయాలి. అందరూ సాగదీశారు. బు హర్సివి కూడా సాగదీసింది. సాగదీస్తూ తన గొంతు తనకే వినిపించి ఉలిక్కిపడింది. ఆ గొంతు మూడో తరగతి పిల్లలది. ప్రతిరోజూ పాఠం చివర ఆమె అడగడం, వాళ్ళు అచ్చం ఇలాగే సాగదీయడం. ఇన్నేళ్ళూ అది పాఠం ఎక్కిన చప్పుడనుకుంది. ఇప్పుడు అదే చప్పుడు తన నోట్లోంచి వస్తుంటే లోపల ఏమీ ఎక్కినట్టు లేదు. ఈ ఆలోచన బాగా లేదు కనుక దాన్ని పక్కకు నెట్టింది. అది పక్కకు జరిగి అక్కడే కూర్చుంది.

మధ్యాహ్నం వానకు యూనిఫాం రంగు వదిలింది. శిక్షణ కోసమని ప్రత్యేకంగా, ఒంటినిండా బాణం గుర్తులతో బాతిక్ చొక్కాలు అద్దించారు. హాలుకు వచ్చేలోపు తడిసిన వాళ్ళందరి మెడలూ నీలమయ్యాయి. హాజరుపట్టీ కనిపించకపోవడంతో నీలం మెడనే హాజరుగా లెక్కించారు. అధికారులు ఇంత సులువుగా సర్దుకుపోతుంటే నాకు మా వ్యవస్థ మీద గౌరవం పెరుగుతూ ఉంటుంది.

ఫ్లెక్సీ దగ్గరకు ఒక్కొక్కరే వెళ్ళి వేలు ఆడించి రావాలి. వెళ్ళాలంటే అధికారిగారి ముఖం ముందు నుంచి దాటాలి. పెద్దల ముందు నుంచి నిటారుగా నడిచిపోవడం మర్యాద కాదు. మొట్టమొదట ఎవరు వంగారో తెలియదు కానీ, సాయంత్రానికి అందరూ నడుము వంచి, కుడిచేయి నేలవైపు చాపి, "నువున్ సేవు, మన్నించండి," అని గొణుక్కుంటూ ఫ్లెక్సీని దాటుతున్నారు. మాస్ రగిల్ దీన్ని కూడా శిక్షణలో మెట్టుగా చేర్చాడు. ముట్టుకోవడానికి ముందు వంగాలి. వంగకపోతే బోర్డు స్పందించదు.

ఫలహారాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని బు హర్సివి అరిటాకు పొట్లం వైపు చూస్తూ కూర్చుంది. పక్క ఊరి బడిలో పనిచేసే బు లస్త్రి వచ్చి పక్కన కూలబడింది.

"ఏంటి బు, తినకుండా అలా చూస్తున్నావ్? అది కూడా అధికారిగారొచ్చి విప్పాలా?"

"లస్త్రీ, నిజం చెప్పు. ఆ బోర్డు ఎలా వెలుగుతుందో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎలా?"

"వెలుగుతుంది."

"అది కాదే."

"మరేంటి? ఆ కుర్రాణ్ణి లేపి అందరి ముందు అడుగుతావా? పాపం, పెళ్ళయి ఏడాది కాలేదట. మొహం చూడు, నీళ్ళలోంచి తీసిన సోయాగింజల తెంపె ముక్కలా పాలిపోయాడు."

"అడక్కపోతే నా మూడో తరగతి పోతుందే."

"అడిగితే ఇంకా ముందే పోతుంది," అంది లస్త్రి, హర్సివి పెట్టెలోని పొట్లం తీసి విప్పుతూ. "నువ్వు తినవుగా?"

మూడో తరగతి సంగతి ఇది. తెలివైన బోర్డు మీద పాఠం చెప్పలేని ఉపాధ్యాయులను తరగతి నుంచి తప్పించి గ్రంథాలయ సేవకు పంపాలని ఉత్తర్వు వచ్చింది. బు హర్సివి పనిచేసే గిరిమంతెన్ బడిలో గ్రంథాలయం అంటే ఒక బీరువా. దాని తాళంచెవి పాత హెడ్మాస్టరుతోపాటు బదిలీ అయిపోయింది. కొత్త హెడ్మాస్టరు పాక్ కుంచోరో ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రారంభోత్సవంనాడు నమూనా పాఠం చెప్పే గౌరవానికి బు హర్సివి పేరే పంపాడు. వయసు మళ్ళినవాళ్ళే చెప్పగలిగితే ఇక మిగతావాళ్ళకు సాకు ఉండదని ఆయన వాదన. ఆయన తప్పించుకున్నాడని లస్త్రి వాదన.

బు హర్సివి ఒంటరి మనిషి. ఎవరైనా పలకరిస్తే జవాబు చెబుతూనే లోపల ఇంకొకరితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆమె మూడో తరగతిని ఎప్పుడూ వదులుకోలేదు. పెద్ద తరగతులు ఇస్తామన్నా వద్దంది. రెండో తరగతి పిల్లలు వేళ్ళు బల్ల మీద పెట్టి లెక్కపెడతారు. నాలుగో తరగతి పిల్లలు లెక్క రాకపోయినా వచ్చినట్టు ముఖం పెడతారు. మూడో తరగతిలో వేళ్ళు ఇంకా ఉంటాయి, కానీ బల్ల కిందికి వెళ్ళిపోతాయి. మనిషి తనకు తెలియనిదాన్ని దాచుకోవడం మొదలుపెట్టే ఆ ఒక్క ఏడాది తను అక్కడ ఉండాలని ఆమెకు అనిపిస్తుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికి కూడా ఒక చప్పట్లు కనిపెడతారని భయం.

శిక్షణ ముగిసింది. ఫ్లెక్సీని ఊరేగింపుగా గిరిమంతెన్ బడికి తీసుకొచ్చి మూడో తరగతి గోడకు కట్టారు. నిజం బోర్డు పక్క హాలులో ఎర్రగుడ్డ కప్పుకుని నిద్రపోతోంది. నమూనా పాఠం భిన్నాలు. ఫ్లెక్సీ మీద గుండ్రటి అపెం రొట్టె ఉందనుకోవాలి, దాన్ని వేలితో నాలుగు ముక్కలు చేయాలి, ఒక ముక్క తీసేయాలి, మిగిలింది ఎంతో చెప్పాలి.

ఉపాధ్యాయులకు శిక్షణంతా పట్టిన విద్య పిల్లలకు ఒక్క పూటలో పట్టుబడింది. పైగా వాళ్ళకు రొట్టె ఒక్కటే కాదు, దాని మీద కొబ్బరి తురుము, బెల్లం పాకం కూడా కనిపించాయి. పంజి అనేవాడు నడుము వంచి, "నువున్ సేవు" చెప్పి, ఫ్లెక్సీని ముట్టుకుని, "అబ్బా కాలింది!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. వాడి వెనక వచ్చినవాళ్ళందరూ ముందు ఊది తరువాత ముట్టుకున్నారు. మూలనున్న అధికారిగారి ముఖానికి కూడా చల్లగాలి తగిలింది.

"బు, ఆ సార్‌కి ముక్క పెట్టొద్దా?" అంది వెనింగ్ అనే పిల్ల. "ముందు కూర్చోబెట్టి మనమే తింటే బాగోదు."

"పెడదాంలే. పెడితే ఎంత మిగులుతుంది?"

"రెండు నాలుగోవంతులు!"

"కాదు బు, సార్ పెద్దమనిషి, రెండు ముక్కలు తింటాడు!" అన్నాడు పంజి.

"పొట్ట చూడు, మొత్తం తినేస్తాడు!" అన్నారు వెనకబల్లవాళ్ళు.

తరగతి మూడు పార్టీలై కొట్లాడుకుంది. కేకలు విని వచ్చిన హెడ్మాస్టరు పాక్ కుంచోరో, సమస్యను ఆసాంతం విని, గంభీరంగా తీర్పు చెప్పాడు. అధికారి వాటా భిన్నాల్లోకి రాదు. అది ఆచారం కిందికి వస్తుంది. లెక్క చేసేటప్పుడు దాన్ని ముందే తీసేసి, ఉన్నదే మొత్తం అనుకోవాలి. "అర్థమైందా?" అని అడిగాడు. "అర్థమైందీ!" అన్నారు పిల్లలు. మా జిల్లాలో గణితం ఇంత స్పష్టంగా ఇంతకు ముందెన్నడూ బోధించబడలేదు.

పిల్లలు నవ్వుతూ ఫ్లెక్సీ చుట్టూ గంతులు వేస్తుంటే బు హర్సివి కూడా నవ్వింది. ఇంత నవ్వు మూడో తరగతిలో విని చాలాకాలమైంది. ఇది పోతుందన్న ఆలోచన ఆ నవ్వు మధ్యలోనే వచ్చింది. పోకుండా ఉండాలంటే ప్రారంభోత్సవంనాడు ఒక్కటే చేయాలి. అందరూ చేస్తున్నది చేయాలి.

ఆ రోజు రానే వచ్చింది. గిరిమంతెన్ బడి ఆవరణలో షామియానా, డప్పుల దండు, జిల్లా నలుమూలల నుంచీ నీలం మెడలతో ఉపాధ్యాయులు. ముందు వరుసలో మూడో తరగతి. పాక్ సుబాగ్యోగారు పసుపన్నం గోపురం కొన కోసి పాక్ కుంచోరోకు అందించారు. అనంతరం, హాలు నుంచి మోసుకొచ్చిన బోర్డు మీది ఎర్రగుడ్డ లాగారు.

నల్లటి, నున్నటి, పెద్ద అద్దం. దాని మీద ఏమీ లేదు. కింది మూలనా ఏమీ లేదు.

"అయ్యో! సార్ పోయాడు!" అని ముందు వరుసలో ఎవరో ఏడుపు గొంతుతో అరిచారు.

పోయిన సార్ పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించినా, పిల్లల మనసు తెలిసిన మనిషి కనుక గబగబా వెళ్ళి, బోర్డు కుడివైపు కింది మూల, ఫ్లెక్సీలో తన ముఖం ఉండే ఎత్తుకు వచ్చేలా కాస్త వంగి, అదే నవ్వుతో నిలబడ్డారు. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. చప్పట్లు మోగాయి.

తరువాత అమృతహస్తాల కార్యక్రమం. అధికారిగారు అద్దాన్ని కుడివైపు తాకారు, ఎడమవైపు తాకారు, అంచుల వెంట తడిమారు, బటన్ వంటిదేదీ తగలక మెల్లగా తట్టారు. బోర్డు నల్లగానే ఉంది. ఆయన మాస్ రగిల్ వైపు చూశారు. మాస్ రగిల్ పాక్ కుంచోరో వైపు చూశాడు. పాక్ కుంచోరో పసుపన్నం వైపు చూశాడు.

"ఏమయ్యా, వంగలేదా ఎవరూ?" అన్నారు అధికారిగారు.

మాస్ రగిల్ వంగాడు. పాక్ కుంచోరో వంగాడు. డప్పుల దండు వంగింది. బోర్డు వంగలేదు, వెలగలేదు.

అప్పుడు పాక్ సుబాగ్యోగారు మైకు అందుకున్నారు.

"ప్రియమైన ఉపాధ్యాయ మిత్రులారా! పక్క జిల్లాలో బోర్డులు మిరుమిట్లు గొలుపుతున్నాయని విన్నాను. పసిపిల్లల కళ్ళు ఏం కావాలి? మన బోర్డు చూడండి. ఎంత ప్రశాంతంగా ఉందో! కంటికి హాని లేదు, కరెంటు ఖర్చు లేదు. టెక్నాలజీకి కూడా వినయం నేర్పిన జిల్లా మనది. ఇంత నిరాడంబరమైన బోర్డును నా సర్వీసులో చూడలేదు. అందరికీ కనిపిస్తోందా?"

"కనిపిస్తోందీ!"

"బు హర్సివిగారు నమూనా పాఠం ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను."

ఆమె వెళ్ళి బోర్డు ముందు నిలబడింది. నల్లటి అద్దంలో ఒక మనిషి కనిపించింది. తలగుడ్డ పక్కకు జరిగి ఉంది. ఆ మనిషి భుజాల వెనక, చిన్నగా, పిల్లల ముఖాలు. వాటి వెనక, ఇంకా చిన్నగా, ఉపాధ్యాయుల ముఖాలు. అద్దంలో రెండు వరుసలకూ తేడా తెలియడం లేదు. ఒకే విధంగా నోళ్ళు కొద్దిగా తెరిచి, సాగదీయడానికి సిద్ధంగా ఉన్నాయి. చెయ్యి చాపి తాకింది. చల్లగా ఉంది. చల్లగా ఉంటుందన్నమాట, అనుకుంది. ఆ మాటతోపాటే రొట్టె, ముక్కలు, నాలుగోవంతులు, వారాల తరబడి బట్టీపట్టిన పాఠమంతా బుర్రలోంచి జారిపోయింది. వెతికింది. ఒకే ఒక్క మాట మిగిలింది. అది పాఠం చివరి మాట. వేరే దారి లేక అదే అడిగింది.

"అర్థమైందా?"

"అర్థమైందీ!"

పిల్లలు ఎంత ఆనందంగా అన్నారంటే షామియానా గుంజలు కదిలాయి.

ఆపైన పాక్ సుబాగ్యోగారు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టారు. సభ మొత్తం లేచింది. డిజిటల్ చప్పట్లు, తొడల చరుపులు, డప్పులు.

"చూశారా!" ఆయన మళ్ళీ మైకు అందుకున్నారు. "పాఠం చెప్పకముందే అర్థమైంది! పాతరోజుల్లో ఒక్క పాఠం అర్థం కావడానికి గంట పట్టేది, ఒక్కొక్కడికి ఏడాది పట్టేది. ఇదీ వేగం! ఇదీ టెక్నాలజీ! ఈ పద్ధతిని జిల్లా అంతటా అమలు చేస్తాం. ఫ్లెక్సీలకు ఈరోజే ఆర్డరిస్తున్నాను. బు హర్సివిగారి మూడో తరగతిని ఆమె దగ్గర నుంచి ఎవరూ తీయలేరు. ఇది నా మాట!"

లస్త్రి మూడో వరుసలోంచి బొటనవేలు చూపించింది. పాక్ కుంచోరో కళ్ళు తుడుచుకున్నాడు. మాస్ రగిల్ ముఖంలోకి ఇన్ని రోజుల తరువాత రక్తం వచ్చింది. గెలిచింది, అనుకుంది బు హర్సివి, ఇంకెవరి గురించో అనుకుంటున్నట్టు. మూడో తరగతి ఆమెదే. ముందు వరుసలో వెనింగ్ కూర్చుని ఉంది. అందరికంటే గట్టిగా "అర్థమైందీ" అన్నది ఆ పిల్లే. అని, నోరు ఇంకా పూర్తిగా మూసుకోకుండానే, మిగతా పిల్లలు ఎటు చూస్తున్నారో వెతుక్కుంటోంది. తను దేన్ని అర్థం చేసుకుందో వాళ్ళ ముఖాల్లో ఎక్కడైనా రాసి ఉందేమోనని చూస్తోంది. చేతులు రెండూ కుర్చీ కింద ఉన్నాయి.

"చివరిగా, ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు పాక్ సుబాగ్యోగారు, మైకు చుట్టూ రుమాలు చుడుతూ.

ఇది ప్రశ్న కాదని చెప్పనక్కరలేదు. మా సభల్లో ఇది సభ ముగిసిందని తెలియజేసే మర్యాదైన పద్ధతి. మీ సభల్లో వేరేగా ఉంటుందని నేను అనుకోను. అప్పటికే కుర్చీలు జరుగుతున్నాయి. ఫలహారాల పెట్టెలు వెనక వరుసల నుంచి బయలుదేరాయి. ఫొటోగ్రాఫరు అందరినీ దగ్గరకు జరగమంటున్నాడు.

బు హర్సివి చెయ్యి లేచింది. తలగుడ్డ సర్దుకోవడానికి లేచిందనుకోవడానికి వీలైన ఎత్తులో కాసేపు ఆగింది. అక్కడి నుంచి వెనక్కి వచ్చేయవచ్చు. ఇప్పటికే కొందరు చూస్తున్నారు. ఇంటికి వెళ్ళే గంట కొట్టబోయేముందు సందేహం అడగబోయే పిల్లను మిగతా తరగతి చూసే చూపు అది. పాఠకులు చదువుకున్నవాళ్ళు కనుక ఆ చూపును వర్ణించను. ఆ చూపు మీరు చూసినదో, మీరు విసిరినదో, మీకే బాగా తెలుసు.

చెయ్యి పూర్తిగా పైకెత్తింది.